అమ్మకి ఆరు వేలు, పిన్నికి నాలుగు వేలు: ఎందుకీ తేడా?

ప్రశ్న: మాది జగ్గయ్యపేట. మా అమ్మకి 71 ఏళ్లు. నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. నెలకి 6,000 పింఛను వస్తోంది. మా పిన్నిది కోదాడ పక్క పల్లె. ఆమెకీ బొత్తిగా చూపు లేదు, కానీ వచ్చేది 4,016. ఇంతకీ ఈ డబ్బు ఢిల్లీ ఇస్తుందా, రాష్ట్రం ఇస్తుందా? "ఎన్నాళ్లు ఇస్తారులే, ఖజానాలో ఏముంది" అని ఇరుగుపొరుగు అంటుంటే అమ్మకి టెన్షన్ పట్టుకుంది. పిన్నిని మా ఇంటికి తెచ్చుకుని ఇక్కడే పింఛను పెట్టించవచ్చా?
- ఒక పాఠకురాలు, జగ్గయ్యపేట

జవాబు: అమ్మా, మండల పరిషత్ ఆఫీసులో నా ఉద్యోగమంతా గడిచింది. అందులో సగం కాలం పింఛన్ల ఫైళ్లే చూశాను. మీ ఉత్తరం చదవగానే ఒక పెద్దాయన గుర్తొచ్చారు. పింఛను 75 రూపాయలున్న రోజులవి. రామాలయం అరుగు మీద బల్ల వేసుకుని పంచేవాళ్లం. ఆయనకి చూపు లేదు. యాభై, ఇరవై, ఐదు నోట్లు చేతిలో పెడితే ఒక్కొక్కటీ వేలికి ఆనించి పొడుగూ వెడల్పూ చూసుకుని, సరిపోయిందన్నాకే వేలిముద్ర వేసేవారు.

కేంద్రం వృద్ధులకు నెలకి 75 రూపాయలతో పథకం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. 2007 నాటికి అది 200 అయింది. ఇప్పటికీ 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి కేంద్రం వాటా ఆ 200 రూపాయలే. 80 దాటితే 500. వికలాంగులకి 2012లో 300 చేశారు, అదీ అక్కడే ఆగింది. పైగా దానికి 80 శాతం వైకల్యం ఉండాలి, పేద కుటుంబాల జాబితాలో పేరుండాలి. పెంచమని పార్లమెంటు స్థాయీ సంఘం ఎన్నిసార్లు సిఫారసు చేసినా పెరగలేదు.

అంటే మీ అమ్మగారి పేరు కేంద్రం జాబితాలో ఉందనుకుంటే, ఆ 6,000లో ఢిల్లీది 300, మిగతా 5,700 రాష్ట్రానిది. జాబితాలో లేకపోతే మొత్తం రాష్ట్రానిదే. ఏ పద్దు కింద వచ్చినా చేతికి అందే మొత్తం ఒకటే కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు.

మీ పిన్నిగారి సంగతీ ఇందులోనే ఉంది. పింఛను ఎంతన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయించుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000 చేశారు. తెలంగాణలో వికలాంగులకు 2023లో 3,016 నుంచి 4,016 అయింది. ఆ ఏడాది ఎన్నికల్లో 6,000 చేస్తామని మాట ఇచ్చారు. 2025లో ఇది రాసే నాటికి అది అమలు కాలేదు. చూపు లేనివాళ్లకి అవే మందులు, అదే ఆటో ఛార్జీ, తోడు వచ్చే మనిషికి అదే కూలి నష్టం. నడుమ ఒక సరిహద్దు ఉన్నందుకు ఒకరికి రెండు వేలు తగ్గడం నాకు న్యాయంగా కనిపించదు. దేశమంతటికీ కేంద్రం గౌరవమైన వాటా ఒకటి ఖాయం చేసి ఉంటే ఈ తేడా ఇంత ఉండేది కాదు.

ఖజానా మాటకొస్తే, భారం పెద్దదే. దాచను. 2024 జులై నెలలో పాత బకాయిలతో కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 65 లక్షల మందికి 4,408 కోట్లు పంచారు. ఆ తర్వాత నెలకి సుమారు 2,700 కోట్లు అవుతోంది. కేంద్రం ఈ సామాజిక పింఛన్ల పథకానికి దేశం మొత్తానికి 2024-25లో పెట్టింది 9,652 కోట్లు. మన ఒక్క రాష్ట్రంలో నాలుగు నెలలకి కూడా చాలదు! మిగతాదంతా రాష్ట్రం తన పన్నుల్లోంచి, కేంద్ర పన్నుల్లో వచ్చే వాటాలోంచి, అప్పుల్లోంచి తేవాలి. అయితే ముసలితనంలో, జబ్బులో, వైకల్యంలో ప్రభుత్వం తన శక్తి మేరకు ఆదుకోవాలని రాజ్యాంగం 41వ అధికరణంలోనే రాశారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రభుత్వాలు మారాయి, పథకం పేర్లు మారాయి. పింఛను మొత్తానికే ఎత్తేసిన ప్రభుత్వాన్ని మాత్రం చూడలేదు. ఆ మాట అమ్మగారికి చెప్పండి.

తనిఖీల గురించి కూడా భయం వద్దు. 2025లో వైకల్యం శాతాలు మళ్లీ పరీక్షించి, 40కి తక్కువ వచ్చినవాళ్లకి నోటీసులిచ్చారు. రెండు కళ్లూ పూర్తిగా పోయినవాళ్లకి ఆ సమస్య రాదు. ఎప్పుడైనా పరీక్షకు రమ్మంటే మానకుండా తీసుకెళ్లండి. వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌కి రెండు జిరాక్సులు తీయించి ఒకటి వేరే చోట పెట్టండి.

పిన్నిగారి పింఛను మార్పిడి విషయంలో తొందరపడకండి. రెండు చోట్లా తీసుకోవడం కుదరదు. ఇక్కడ కావాలంటే ఆధార్ చిరునామా, రేషన్ కార్డు ఇక్కడివి కావాలి, దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. కొత్తది వెంటనే మంజూరు కాదు. అక్కడిది ముందే వదులుకుని, ఇక్కడిది రాక, నెలల తరబడి ఖాళీ చేతులతో కూర్చున్నవాళ్లను నేను చూశాను. ఆమెను చూసుకోవడానికి తెచ్చుకుంటానంటే సంతోషంగా తెచ్చుకోండి. రెండు వేల కోసమే అయితే వద్దమ్మా.

ఇంకొక్కటి. ఇప్పటి 500 నోటుకీ 200 నోటుకీ పొడుగులో తేడా 4 మిల్లీమీటర్లే. ఆ పెద్దాయన పద్ధతి ఇక పనిచేయదు. 500 నోటు రెండు అంచుల్లోనూ ఐదేసి గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. నోటు కొత్తదైతే వేలికి బాగా తగులుతాయి. ఈసారి ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు వచ్చినప్పుడు ఆ పన్నెండు నోట్లూ అమ్మగారి చేతికే ఇప్పించి, ఆమెనే లెక్కపెట్టుకోనివ్వండి.