కాంటా కీప్యాడ్‌కు డ్రైవర్ రాస్తున్న మేనకోడలికి

నల్లగొండ

బిడ్డా,

మిర్యాలగూడ మిల్లులో కాంటా పక్కన పెట్టే కీప్యాడ్ సంగతి నిన్న రాత్రి ఫోన్‌లో సగమే మాట్లాడుకున్నాం. "మామా, మీట నొక్కితే ఏమీ వస్తలేదు" అన్నావు. యాసంగి వడ్లు దిగే లోపు పని కావాలన్నావు కాబట్టి ముఖ్యమైంది ముందు రాస్తున్నా.

నీ కోడ్ నేను చూడలేదు. నాకున్న అనుమానం ఒక్కటే. మీట నొక్కిన సంగతి నువ్వు లినక్స్‌కు (ఆ కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కు) పంపుతున్నావు సరే, అసలు ఆ మీట నీ పరికరానికి ఉందని ముందు చెప్పావా? ఇన్‌పుట్ డ్రైవర్, అంటే మీటల్లాంటి పరికరాన్ని లినక్స్‌కు కలిపే ప్రోగ్రామ్, తన దగ్గర ఏమేం ఉన్నాయో బిట్ల రూపంలో (ఉంటే ఒకటి, లేకపోతే సున్నా) రాసివ్వాలి. మీటలు ఉన్నాయని చెప్పడానికి ఒక బిట్, ఏయే మీటలో చెప్పడానికి మీటకొక బిట్. చెప్పని మీటను నువ్వు ఎన్నిసార్లు పంపినా కర్నెల్, అంటే లినక్స్ గుండెకాయ, పారేస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నా. పదహారు మీటల ప్యానెల్‌లో పదిహేను బాగానే పనిచేసేవి, ఎంటర్ ఒక్కటే రాదు. సోల్డరింగ్ సరిగా లేదనుకుని రెండుసార్లు మళ్లీ అతికించా. నొక్కినప్పుడల్లా ఇంటరప్ట్ (మీట నొక్కారని ప్యానెల్ పంపే సంకేతం) లెక్క పెరుగుతూనే ఉంది, ప్రోగ్రామ్‌కు మాత్రం ఏమీ చేరదు. రెండు రోజులు పోయాయి. చివరికి చూస్తే బిట్లు పెట్టే లూప్ ఒకసారి తక్కువ తిరుగుతోంది! మీ అత్త ఇప్పటికీ దాని గురించి ఎత్తిపొడుస్తుంది.

అందుకే ముందు ఈవీటెస్ట్ అనే పరీక్ష ప్రోగ్రామ్ నడుపు. అది మొదలవగానే నీ పరికరం ఏమేం చేయగలనని చెప్పుకుందో జాబితా చూపిస్తుంది. నీ మీట అందులో లేకపోతే వైర్లు ముట్టుకోకు.

అట్లాగని ఎందుకైనా మంచిదని అన్ని బిట్లూ పెట్టేయకు. పొద్దున్నే అడ్డా మీద మేస్త్రీ "తాపీ పని వస్తదా?" అని అడగడం చూసే ఉంటావు. నోరు విప్పనివాడు, చేతిలో ఎంత పనితనం ఉన్నా, ఇటుకలే మోస్తాడు. రాకపోయినా వస్తుందన్నవాడి సంగతి మధ్యాహ్నానికల్లా గోడ మీద తేలుతుంది. ఇక్కడా అంతే. కర్నెల్ పైన ఉండి పరికరాలను గుర్తుపట్టే యూడెవ్ అనే ప్రోగ్రామ్ నీ బిట్లను చూసే ఇది కీబోర్డా, మౌసా, టచ్ స్క్రీనా అని తేలుస్తుంది. ఇంకొకరి డ్రైవర్ కాపీ కొట్టి అందులోని ఎడమ బటన్, ఎక్స్-వై కదలికల బిట్లు తీసేయడం మరిచిపోతే, నీ కీప్యాడ్ మౌస్ అయి కూర్చుంటుంది.

తర్వాత టచ్ ప్యానెల్ కూడా పెడతానన్నావు. అక్కడ ఇంకో మెలిక ఉంది. కనిష్ఠం, గరిష్ఠం చెప్పమంటే చాలామంది స్క్రీన్ కొలతలు రాస్తారు. చెప్పాల్సింది టచ్ చిప్ ఇచ్చే అంకెలు. చిప్ 12 బిట్లదైతే అది 0 నుంచి 4095 దాకా ఇస్తుంది. స్క్రీన్ వెడల్పు 800 కదా అని 0 నుంచి 799 అని రాశావనుకో, వేలు ప్యానెల్‌లో ఐదో వంతు దాటేసరికే బాణం చివరి అంచుకు పోయి నిలబడుతుంది. స్క్రీన్‌కు తగ్గట్టు కుదించుకోవడం డ్రైవర్ పైన నడిచే ప్రోగ్రామ్‌ల పని.

ఇవన్నీ పరికరాన్ని కర్నెల్ దగ్గర రిజిస్టర్ (నమోదు) చేయకముందే పూర్తి చెయ్యి. రిజిస్టర్ అయిన మరుక్షణమే ఎవరైనా నీ పరికరాన్ని తెరవొచ్చు. తర్వాత బిట్ కలిపితే, అప్పటికే చదువుకున్నవాళ్లకు తెలియదు.

నెట్‌వర్క్ కార్డుల వాళ్లది కొంచెం నయం. పెద్ద డేటాను కార్డే ముక్కలు చేస్తుందని చెప్పి, దానికి కావాల్సిన స్కాటర్-గ్యాదర్ (మెమరీలో చెదిరి ఉన్న ముక్కలను ఏరి తీసుకునే పనితనం) ఉందని చెప్పకపోతే కర్నెలే ఆ మొదటి మాటను కొట్టేస్తుంది. మనకు అంత కాపలా లేదు. ఎప్పుడైనా నువ్వే ఐఓసీటీఎల్ (పరికరాన్ని ఫలానా పని చెయ్యమని ప్రోగ్రామ్ అడిగే పిలుపు) రాయాల్సి వస్తే, నీకు రానిది ఎవరైనా అడిగినప్పుడు పని అయిందన్నట్టు సున్నా ఇచ్చి తప్పించుకోకు, ఈనాటీ (ENOTTY) అనే ఎర్రర్ ఇవ్వు. దాని అర్థం "ఇది టెలిటైప్ కాదు" అని! ఆ పాత యంత్రాలు పోయినా పేరు మిగిలింది.

ఇంకొకటి. ఇన్స్‌మాడ్ కమాండ్‌తో నీ మాడ్యూల్‌ను, అంటే డ్రైవర్ ఫైలును, నువ్వు చేత్తో ఎక్కిస్తే అంతా బాగానే ఉంటుంది. మిల్లులో కరెంటు పోయి వచ్చాక మాత్రం ఎక్కించేవాళ్లు లేక కీప్యాడ్ మూగబోతుంది. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ పరికరాలున్నాయో కర్నెల్‌కు చెప్పే వివరాల్లో) కాంపాటిబుల్ దగ్గర రాసిన పేరూ, నీ డ్రైవర్ పట్టికలోని పేరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆ పట్టికను మాడ్యూల్_డివైస్_టేబుల్‌తో బయటికి చెప్పాలి. డెప్‌మాడ్ అనే కమాండ్ దాన్ని చదివి మాడ్యూల్స్.ఏలియాస్ ఫైలులో రాస్తేనే బూట్‌లో నీ డ్రైవర్ తనంతట తాను ఎక్కుతుంది. మిల్లువాళ్లకు ఇచ్చే ముందు ప్లగ్ పీకి మళ్లీ పెట్టి చూడు.

ఆదివారం బోర్డు పట్టుకుని రా. దానికంటే ముందు ఈవీటెస్ట్ చూపించిన జాబితా మొత్తం నా ఫోన్‌కు పంపు.

నీ మేనమామ