పక్కపక్క సీట్లని చెప్పి వేర్వేరు బ్లాకుల్లో ఇచ్చారు, డబ్బు వెనక్కి అడగొచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. మా పెద్దబాబుకి రగ్బీ లీగ్ అంటే ప్రాణం, అందుకే సీజన్ టికెట్లు కూడా తీసుకున్నాం. ఒక పెద్ద మ్యాచ్‌కి సభ్యుల ముందస్తు అమ్మకంలో 4 టికెట్లు కొంటే స్క్రీన్ మీద నాలుగూ పక్కపక్కనే అని చూపించింది. తీరా 3 రోజుల ముందు వచ్చిన టికెట్లలో రెండు ఒక బ్లాక్, రెండు ఇంకో బ్లాక్. పిల్లలకి 9, 6 ఏళ్లు. అడిగితే "కేటాయింపు మా ఇష్టం" అన్నారు. కేసు వేయొచ్చా? రీసేల్ సైట్‌లో మూడు రెట్లకి అమ్మడం నేరం కాదా?

జవాబు: చెరో పిల్లాణ్ణి పట్టుకుని వేర్వేరు గేట్లలో వెళ్లాల్సి వచ్చిందంటే మీ కోపం న్యాయమే. అయితే టికెట్ దొరక్కపోవడం వేరు, డబ్బు తీసుకుని చెప్పింది ఇవ్వకపోవడం వేరు. రగ్బీ లీగ్‌లో యాషెస్ సిరీస్ 2003 తర్వాత మళ్లీ 2025లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మధ్య జరిగితే మొదటి టెస్టు పెట్టిన వెంబ్లీలో 90 వేల సీట్లు, చివరిది పెట్టిన హెడింగ్లీలో సుమారు 20 వేలు. అలాంటి చోట సభ్యులందరికీ కూడా రావు, రాలేదని కోర్టుకెళ్తే నిలవదు. "ముందు అవకాశం" అంటే క్యూలో ముందుండే హక్కే. "టికెట్ గ్యారంటీ" అని రాసి ఉంటే మాత్రం వదలొద్దు.

మీ విషయం అది కాదు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాళ్లు సర్వీసు గురించి చెప్పిన మాట నమ్మి మీరు కొంటే ఆ మాట ఒప్పందంలో భాగమైపోతుంది, తప్పితే 56వ సెక్షన్ కింద ధరలో కొంత వెనక్కి అడగొచ్చు. షరతుల్లో "సీట్లు మార్చే హక్కు మాదే" అని ఉందంటారు, ఉండనివ్వండి, అన్యాయమైన షరతు 62వ సెక్షన్ ముందు నిలవదు. ఆరేళ్ల పిల్లాడికి పిల్లల టికెట్ అమ్మినవాళ్లు కుటుంబాన్ని విడదీసి అది న్యాయమేనని ఒప్పించడం తేలిక కాదు. ఆ రోజు స్క్రీన్‌షాట్ తీశారా? అదే మీ ప్రాణం. లేకపోతే ఆర్డర్ ఈమెయిల్ వెతకండి.

రీసేల్ సంగతి చాలామంది పొరబడతారు. అనుమతి లేకుండా టికెట్లు అమ్మడాన్ని నేరం చేసిన 1994 చట్టం ఫుట్‌బాల్‌కే, రగ్బీ లీగ్‌కి కాదు. కానీ రీసేల్‌లో బ్లాకు, వరస, సీటు నంబరు, అసలు ధర చెప్పి తీరాలని 2015 చట్టం 90వ సెక్షన్ అంటుంది. అవి దాచినవాడి దగ్గర కొనకండి.

ఇప్పుడు ఎంత వెనక్కి కావాలో అంకెతో రాసి, 14 రోజులు గడువిచ్చి ఈమెయిల్ పెట్టండి. కదలకపోతే స్మాల్ క్లెయిమ్స్‌లో (చిన్న మొత్తాల కేసులు చూసే కోర్టు పద్ధతి) ఆన్‌లైన్‌లో మీరే వేసుకోవచ్చు, 10 వేల పౌండ్ల వరకు అక్కడే, గెలిస్తే కోర్టు ఫీజు కూడా సాధారణంగా వాళ్లమీదే పడుతుంది. మధ్యలో వోచర్ ఇస్తామంటారు, దాంతోపాటు "ఇక ఏ క్లెయిమూ లేదు" అనే లైను ఉందేమో చూడకుండా ఓకే నొక్కకండి.