కీర్తనలన్నీ వచ్చినా స్వరకల్పన దగ్గర ఎందుకు ఆగిపోతాం?

వర్ణాలు, కీర్తనలు శ్రద్ధగా నేర్చుకున్నానని, తాళం తప్పకుండా పాడగలనని, అయినా స్వరకల్పన చేయమనగానే, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడమనగానే ఏమీ తోచడం లేదని రాసి, మనోధర్మం (అప్పటికప్పుడు కల్పించి పాడే నేర్పు) పుట్టుకతో రావలసిందేనా అని మీరు అడిగారు. నేర్పితే వస్తుందనే నా నమ్మకం. గాత్రం నేర్చుకున్న రోజుల్లోనూ, తరువాత నేర్పుతున్నప్పుడూ నేను చూసినంతవరకు, గొంతు ఆగిపోయేది ఊహ లేక కాదు. ఒక్కసారిగా కళ్ళ ముందు లెక్కలేనన్ని దారులు తెరుచుకోవడం వల్ల. దారులను తగ్గించి ఇస్తే ఎంత బెరుకైన విద్యార్థి అయినా పాడతాడు.

మా గురువుగారు నాకు మోహన రాగంతో మొదలుపెట్టించారు. ఉన్న ఐదు స్వరాల్లోనూ గ, ప, ద అనే మూడింటిని మాత్రమే ఇచ్చి, ఆది తాళంలో సగం ఆవర్తనం (తాళం ఒక చుట్టు పూర్తయితే ఒక ఆవర్తనం) తాను పాడి, తక్కిన సగం నన్ను పూరించమనేవారు. ఎటు తిరిగినా చివరికి గాంధారం (గ) మీద నిలవాలన్నది నియమం. "గపదప గపగా" వంటి పలుకులు కాసేపట్లోనే అయిపోతాయి. అసలు పాఠం ఆ తరువాతే మొదలవుతుంది. కొత్త స్వరం దొరకదు కనుక ఉన్న స్వరాన్నే సాగదీయాలి, విరవాలి, ఒక మాత్ర ఆలస్యంగా అందుకోవాలి, ఒకే ధైవతాన్ని (ద) ఒకసారి గట్టిగా, ఒకసారి తేలికగా తాకాలి. స్వరాలు ఎక్కువగా ఉంటే ఈ పనులేవీ చేయవలసిన అవసరం రాదు, అందుకే వాటి రుచి కూడా తెలియదు. అది పట్టుబడ్డాక రిషభాన్ని (రి) చేర్చేవారు. మరొక రోజు, ముందు ఆవర్తనాన్ని ఎత్తుకున్న స్వరంతో తరువాతి ఆవర్తనాన్ని ఎత్తుకోకూడదనేవారు.

మన అష్టావధానంలోని నిషిద్ధాక్షరిని తలచుకుంటే ఈ పద్ధతిలోని బలం అర్థమవుతుంది. అవధాని ఏ అక్షరం వేయబోతున్నాడో ఊహించి, పరీక్షించే పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. అలవాటైన మాట అక్కడే తెగిపోతుంది కనుక, ఛందస్సు చెడకుండా మరొక మాటను వెతుక్కోక తప్పదు. ఇచ్చిన పదాలను పద్యంలో ఇమడ్చవలసిన దత్తపదిలోనైనా అంతే, పొంతన లేని ఆ పదాలే పద్యానికి దారి చూపుతాయి.

లెక్కకు భయపడవద్దని కూడా చెప్పాలి. పల్లవి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీదే ఎత్తుకునే కీర్తనను తీసుకోండి. ఆది తాళంలోని ఎనిమిది అక్షరాలకు (తాళపు లెక్కలకు), అక్షరానికి నాలుగు స్వరాల చొప్పున ఆవర్తనానికి 32 స్వరాలు పడతాయి. "పదపగరి" అనే ఐదు స్వరాల పలుకును ముమ్మారు పాడితే 15 అవుతాయి, అంటే ముందు 17 స్వరాలు పాడి, ఐదవ అక్షరంలో ఒక స్వరం దాటగానే ముక్తాయింపును, అంటే ముగింపుగా పాడే ఆ ముమ్మారు పలుకును అందుకోవాలి. నాలుగు స్వరాల నడకలో ఈ ఐదేసి స్వరాల విరుపు వినడానికి ఎంతో బాగుంటుంది. ముగింపు ముందే సిద్ధంగా ఉందన్న ధైర్యంతో ఆ 17 స్వరాల చోట మనసు స్వేచ్ఛగా తిరుగుతుంది.

ఇక సరుకు విషయం. అది మీ దగ్గర ఇప్పటికే ఉంది. వర్ణంలోని ప్రతి చిట్టస్వరమూ (ముందే కూర్చిన స్వరాల వరుస) ఆ రాగం ఎలా నడుస్తుందో చూపిస్తుంది, త్యాగరాజస్వామి కృతుల్లోని సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, ఆ పంక్తి ఎన్ని విధాలుగా విస్తరించగలదో చూపిస్తాయి. బిలహరి రాగం ఆరోహణలో (స్వరాలు పైకి వెళ్ళేటప్పుడు) మోహనంలా, అవరోహణలో (కిందికి దిగేటప్పుడు) శంకరాభరణంలా నడుస్తుందని సూత్రంగా తెలిస్తే చాలదు. నోటికి వచ్చిన వర్ణంలోంచి ఒక చిన్న పలుకును తీసి, దానిని మరొక చోట నుంచి ఎత్తుకుని, చివర మార్చి పాడి చూసినప్పుడే ఆ రాగం మనదవుతుంది.

పాడుతూ ఉండగా తప్పొప్పులు తూచడం మాత్రం మానుకోండి. 2008లో చార్లెస్ లింబ్, అలెన్ బ్రాన్ అనే పరిశోధకులు ఆరుగురు జాజ్ పియానో కళాకారుల మెదడును స్కానర్‌లో పరిశీలించారు. కంఠస్థమైన సంగీతం వాయించేటప్పటి కంటే అప్పటికప్పుడు కల్పించి వాయించేటప్పుడు, మనల్ని మనం అదుపు చేసుకోవడంతో ముడిపడిన ముందుభాగపు ప్రాంతాల్లో చురుకుదనం తగ్గినట్లు వారు గుర్తించారు. కొద్దిమందిపై చేసిన పరిశీలన కనుక దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టనవసరం లేదు గానీ, తరగతిలో నేను చూసేది దానికి దగ్గరగానే ఉంటుంది. అందుకే నా విద్యార్థుల చేత ఆపకుండా పాడించి, ఫోన్‌లో రికార్డు చేయించి, మరునాడు కలిసి వింటాం. బాగున్న పలుకు ఒక్కటి దొరికినా దానినే ఆ రోజు పాఠంగా తీసుకుంటాం.

ఆలాపన, నెరవల్ గురించి ఇప్పుడే తొందరపడవద్దు. రాగాన్ని విస్తరించి పాడే ఆలాపనలో తాళపు ఆసరా ఉండదు, కీర్తనలోని ఒక పంక్తినే రకరకాలుగా పాడే నెరవల్‌లో సాహిత్యపు విరుపులు కూడా కాపాడాలి. ముందు మోహనంలో గ, ప, ద అనే మూడు స్వరాలతో, మీ గురువుగారిని గానీ తోటి విద్యార్థిని గానీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, సగం ఆవర్తనం చొప్పున మార్చి మార్చి పాడటం మొదలుపెట్టండి.