నర్సరీలో రోజంతా ఆటలేనా? బడి మార్చాలా?

మూడున్నరేళ్ల పాప రోజూ చేతులకు రంగులు, బట్టలకు ఇసుక అంటించుకుని వస్తోందనీ, పక్కింటి పిల్లాడు మాత్రం వంద దాకా అప్పజెబుతున్నాడనీ, బడి మార్చాలా అనీ అడిగారు. కారణం ఇదొక్కటే అయితే మార్చొద్దండీ. చాలా ఏళ్లు నర్సరీ పిల్లలతో గడిపినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ముందు ఆ వంద సంగతి. ఐదు గుండీలు ఒక వరసలో, వాటి కిందే ఇంకో ఐదు సరిసమానంగా పేర్చండి. రెండూ సమానమేనా అని పిల్లల్ని అడిగితే ఔనంటారు. ఇప్పుడు కింది వరసను కాస్త ఎడంగా జరిపి మళ్లీ అడగండి. నాలుగేళ్లవాళ్లలో చాలామంది కిందే ఎక్కువున్నాయంటారు, అంకెలు గడగడా చదివేవాళ్లు కూడా. పిల్లల ఆలోచనల మీద పరిశోధన చేసిన మనస్తత్వవేత్త పియాజే ఈ సంగతి ఎప్పుడో చూపించాడు. మామూలుగా ఆరేడేళ్లకు గానీ ఆ తికమక పోదు. అంకెలు నోటికి రావడం వేరు, ఐదంటే ఎంతో తెలియడం వేరు.

మా తరగతిలో చెక్క దిమ్మలతో ఒక బాబు వంతెన కడుతున్నాడు. పొడుగు దిమ్మేమో ఇంకొకడి దగ్గరుంది, వాడు ఇవ్వనన్నాడు. కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత రెండు పొట్టి దిమ్మలు తెచ్చి ఆ పొడుగుదాని పక్కన పెట్టి చూసుకున్నాడు. సరిగ్గా సరిపోయాయి! తీరా వంతెన మీద పెడితే మధ్యలో కూలిపోయాయి. "ఎందుకు పడిందిరా?" అన్నానంతే. దిమ్మల్ని అటూ ఇటూ తిప్పి చూసి, మధ్యలో ఇంకో స్తంభం నిలబెట్టాడు. అసలు ఆ దిమ్మల్ని ఒకటి ఇంకోదానికి సగమో, రెట్టింపో ఉండేలా కోసేది అందుకే. 1837లో జర్మనీలో పసిపిల్లల బడి పెట్టిన ఫ్రోబెల్ కూడా, ఎనిమిది చిన్న ఘనాలు కలిపితే ఒక పెద్ద ఘనం అయ్యే ఆటవస్తువు తయారుచేశాడు.

రాత గురించి కంగారు వద్దు. పుట్టినప్పుడు మణికట్టు ఎముకలు ఇంకా గట్టిపడని మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటీ గట్టిపడతాయి. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం అన్నీ పెన్సిల్ పట్టడానికి సాధనే.

అయితే ఆటల బడి అని బోర్డు పెట్టి పిల్లల్ని గాలికొదిలేసేవాళ్లూ ఉన్నారు. వాళ్లంటే నాకు ఒళ్లు మంట. వీలైతే ఓ అరగంట తరగతిలో కూర్చుని చూడండి. టీచరు పిల్లల పక్కన కింద కూర్చుంటోందా, ఫోను చూసుకుంటూ నిలబడిందా? వస్తువులు పిల్లల చేతికి అందేలా ఉన్నాయా? గోడ మీది బొమ్మలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే అవి పిల్లలు వేసినవి కావు, అనుమానమే వద్దు.

ఇంకోటి. "మా పాప ఈమధ్య ఎక్కువగా ఏం ఆడుతోంది, ఎవరితో ఆడుతోంది?" అని టీచర్ని అడగండి. పిల్లల్ని గమనించే మనిషైతే ఆపకుండా చెబుతుంది. "బాగానే ఆడుకుంటోందండీ" అని దాటేస్తే మాత్రం బడి మార్చే సంగతి ఆలోచించండి.