పాత బండి సెల్ఫ్ మోటారు: మార్చాలా, బాగు చేయించాలా?

ప్రశ్న: నా దగ్గర 2008లో కొన్న 150 సీసీ మోటార్ సైకిల్ ఉంది. ఉదయం పూట సెల్ఫ్ నొక్కగానే ఇంజిన్ చక్కగా తిరుగుతుంది. పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడిపి, ఎక్కడైనా ఆపి మళ్లీ సెల్ఫ్ నొక్కితే మాత్రం ‘టక్’మని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంటుంది. కిక్ కొడితే వెంటనే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ ఈ ఏడాదే మార్పించాను. సెల్ఫ్ మోటారు పోయిందని, కొత్తది వేయక తప్పదని మా మెకానిక్ అంటున్నారు. కంపెనీ మోటారుకూ, బయట దొరికే మోటారుకూ ధరలో మూడింతల తేడా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మీ మెకానిక్ అనుమానం సరైన చోటనే ఉండవచ్చు గాని, మోటారు మొత్తాన్ని మార్చాలన్న నిర్ణయం మాత్రం తొందరపాటు. పొద్దున తిరిగిన మోటారు వేడెక్కాక మొరాయిస్తోందన్నదే మీ ఉత్తరంలోని అసలు ఆధారం. చల్లారిన ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉంటుంది కనుక దాన్ని తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. అందువల్ల బ్యాటరీ నీరసించినప్పుడు ఆ లోపం ముందుగా తెల్లవారుజామున, అందులోనూ చలికాలంలో బయటపడుతుంది. మీ బండిలో జరుగుతున్నది దీనికి తలకిందులు. వేడి వల్ల లోపం ఎక్కువయ్యే చోట్లు మోటారు లోపల, లేదా దానికి కరెంటు చేరే దారిలో ఉంటాయి.

రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఉన్న వైండింగ్, అంటే మోటారు లోపలి రాగి తీగ చుట్ట, మోటారు ఇంజిన్‌ను అంటుకుని ఉండటం వల్ల 90 డిగ్రీలకు చేరిందంటే నిరోధం దాదాపు నాలుగో వంతు పెరిగినట్టే. ఈ మోటార్లలో సాధారణంగా ఉండే ఫెర్రైట్ అయస్కాంతాలు కూడా వేడికి కొంత బలం కోల్పోతాయి. కొత్త మోటారు ఈ నష్టాన్ని తట్టుకుంటుంది. తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి, స్ప్రింగులు నీరసించి, లోపలంతా కార్బన్ పొడి పేరుకున్న పాత మోటారు తట్టుకోలేదు.

అయినా, మోటారు విప్పే ముందు మల్టీమీటరుతో పావుగంట పని చేయించండి. లోపం కనబడుతున్నప్పుడే, అంటే ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే ఈ పరీక్ష జరగాలి. బండిని షెడ్డులో వదిలి మరునాడు చూడమంటే అన్నీ బాగానే కనిపిస్తాయి. మీటరు కొనలను నేరుగా బ్యాటరీ టెర్మినళ్ల మీద ఉంచి సెల్ఫ్ నొక్కమనండి. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 వోల్టుల దరిదాపుల దాకా పడిపోవడం సహజమే. ‘టక్’మన్నప్పుడు అంకె అసలు కదలకుండా 12 మీదనే నిలిచిందంటే, సెల్ఫ్ నొక్కగానే మోటారుకు కరెంటు కలిపే రిలే పలికింది గాని మోటారులోకి కరెంటు పోలేదని అర్థం. అంకె ఎనిమిదికో ఏడుకో కుప్పకూలితే, కరెంటు పోతోంది గాని మోటారు బిగుసుకుందనో, లోపల షార్ట్ అవుతోందనో, లేదా ఆ కొత్త బ్యాటరీకి చార్జింగ్ సరిగా అందడం లేదనో భావించాలి. ఇంజిన్ నడుస్తుండగా కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి చూసినప్పుడు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే చార్జింగ్‌కు ఢోకా లేదు. కొత్త బ్యాటరీ వేయించినంత మాత్రాన బ్యాటరీని అనుమానితుల జాబితా నుంచి తీసేయకూడదు.

కరెంటు పోవడం లేదని తేలితే, మీటరు ఒక కొనను మోటారు మీది టెర్మినల్‌కు, రెండోదాన్ని మోటారు బాడీకి తగిలించి మళ్లీ సెల్ఫ్ నొక్కాలి. అక్కడికి 12 వోల్టులూ చేరుతున్నా తిరగకపోతే బ్రష్‌లు కమ్యుటేటర్‌ను, అంటే వాటిని ఆనుకుని తిరిగే రాగి పట్టీల భాగాన్ని తాకడం లేదు. అక్కడికి చేరకపోతే తప్పు రిలేది, కేబుల్‌ది లేదా బ్యాటరీ నెగెటివ్‌ను బండి బాడీకి కలిపే ఎర్త్‌ది. పదిహేనేళ్లు దాటిన బండ్లలో ఎర్త్ విషయం నేను ప్రత్యేకంగా చెబుతాను, ఎందుకంటే దాన్ని చూసే ఓపిక చాలామందికి ఉండదు: సెల్ఫ్ నొక్కినప్పుడు బ్యాటరీ నెగెటివ్‌కూ మోటారు బాడీకీ మధ్య అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే, ఎర్త్ కేబుల్ బిగించిన బోల్టు కింద తుప్పో, పెయింటో, వదులో ఉన్నట్టు. దాన్ని విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగిస్తే ఎంతోమందికి మోటారు ఖర్చు తప్పింది. రిలే పెద్ద టెర్మినళ్లు రెండింటినీ స్క్రూడ్రైవరుతో కలిపి చూసే పద్ధతి మన షెడ్డులన్నింటిలో ఉంది. ఫలితం వెంటనే తెలుస్తుంది గాని నిప్పురవ్వలు రేగుతాయి కనుక, కార్బురేటర్ నుంచి చుక్క పెట్రోలు కారుతున్నా ఆ పని చేయనివ్వకండి. గేరు తప్పనిసరిగా న్యూట్రల్‌లో ఉండాలి.

ఇవన్నీ సరిగా ఉంటే మోటారు విప్పవలసిందే. ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి, తర్వాతే మోటారు కేబుల్. బయటికి తీశాక బాడీకీ రెండు మూతలకూ కలిసేలా ఒక గీత గీయించండి; తిరిగి అమర్చేటప్పుడు మూత కాస్త తిరిగి కూర్చుంటే బ్రష్‌ల స్థానం మారిపోతుంది. మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్ ఇరుసుకు రెండు చివర్లా ఉన్న పల్చని వాషర్లు ఎన్ని, ఏ వరసలో ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోవడం మంచిది. బాడీని సుత్తితో కొట్టడం, వైస్‌లో బిగించడం చేయనివ్వవద్దు. లోపలి అయస్కాంతాలు పింగాణీలా పెళుసు. ఒకటి పగిలినా మోటారు చేతులారా చంపినట్టే.

లోపల మీకు నల్లటి బురద కనిపించే అవకాశం ఎక్కువ. కార్బన్ పొడి అది. గేరు వైపు ఆయిల్ సీల్ అరిగిపోతే ఇంజిన్ ఆయిల్ లోపలికి వచ్చి ఆ పొడిని ముద్ద చేస్తుంది. కార్బన్ కరెంటును ప్రసరింపజేసే పదార్థం కనుక ఆ ముద్ద బ్రష్ హోల్డరుకూ బాడీకీ మధ్య దొంగదారి ఏర్పరుస్తుంది. సీల్ మార్చకుండా శుభ్రం మాత్రమే చేస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే తంతు. మెకానిక్కులు కార్బన్ బుష్‌లని పిలిచే ఆ బ్రష్‌ల పొడవు కొత్తవాటిలో సగానికి తగ్గితే మార్చాల్సిందే, వాటితో పాటు స్ప్రింగులు కూడా. కమ్యుటేటర్‌ను సన్నని గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, రాగి పట్టీల మధ్య నిండిన మురికిని తీసి, పట్టీలను వేరుచేసే మైకా రాగి కంటే అర మిల్లీమీటరు లోతున ఉండేలా చూడాలి. ఆర్మేచర్‌ను పెట్రోలులో నానబెట్టడం అలవాటున్నవారు ఆ అలవాటు మానుకోవాలి. వైండింగ్ మీది వార్నిష్ దెబ్బతింటుంది.

ఇక మార్చాలా వద్దా అన్నది ఆర్మేచర్ తేల్చాలి. మీటరులో పక్కపక్క రాగి పట్టీల మధ్య కనెక్షన్ కనిపించాలి, ఏ పట్టీకీ ఇరుసుకూ మధ్య కనిపించకూడదు. ఈ రెండూ సరిగా ఉండి, పట్టీలు మాడిపోకుండా ఉంటే మీ పాత మోటారునే ఉంచుకోండి. బ్రష్‌లు, ఓ-రింగ్, ఆయిల్ సీల్ కొత్తవి వేసిన అసలు మోటారు, బయట మూడో వంతు ధరకు దొరికే కొత్త మోటారు కంటే ఎక్కువ కాలం పని చేస్తుందన్నది నా అభిప్రాయం. ఆర్మేచర్ ఇరుసుకు షార్ట్ అయి ఉంటే మాత్రం, ఇంత చిన్న ఆర్మేచర్‌కు రీవైండింగ్ చేయించమని నేను చెప్పను. వేగంగా తిరిగేటప్పుడు తీగలు వదులైనా, బ్యాలెన్స్ తప్పినా మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు మీ బండి మోడల్, తయారైన సంవత్సరం చెప్పి పార్ట్ నంబరుతో కంపెనీ మోటారు తెప్పించుకోండి. అది దొరకని పక్షంలో హైదరాబాదు పుత్లీబౌలిలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో తుక్కు బండి నుంచి తీసిన అసలు మోటారు వెతకండి. కొనేముందు గేరు పళ్ల సంఖ్య, బోల్టు రంధ్రాల దూరం, తిరిగే దిశ పాతదానితో పోల్చి, దుకాణంలోనే బ్యాటరీ తగిలించి తిప్పించి చూడాలి.

తిరిగి బిగించేటప్పుడు టెర్మినల్ బోల్టు చుట్టూ ఉండే ఇన్సులేషన్ వాషర్లలో ఒక్కటి మరిచినా పాజిటివ్ నేరుగా బాడీకి తగులుతుంది. ఆర్మేచర్‌ను లోపల అమర్చే ముందే, టెర్మినల్‌కు కలిసి ఉన్న బ్రష్ హోల్డరుకూ, బాడీకీ మధ్య కనెక్షన్ లేదని మీటరుతో ఒకసారి చూపించమనండి.

ప్రశ్న: నాది 350 సీసీ సింగిల్ సిలిండర్ పాత బండి. సెల్ఫ్ నొక్కితే మోటారు గిర్రున తిరుగుతున్న శబ్దం వస్తుంది గాని ఇంజిన్ కదలదు. ఒక్కోసారి పెద్దగా ‘ఖణేల్’మంటుంది. మోటారు మార్పించాలా?
– ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: అక్కర్లేదు. గిర్రున తిరుగుతోందంటే మోటారు ఆరోగ్యంగానే ఉంది. దాని బలాన్ని క్రాంక్‌కు అందించి, ఇంజిన్ అందుకోగానే విడిపోయే వన్‌వే క్లచ్ మీ బండిలో జారుతోంది. మెకానిక్కులు దాన్నే స్ప్రాగ్ క్లచ్ అంటారు. సాధారణంగా అది క్రాంక్ చివర ఉండే మాగ్నెట్ వెనుక ఉంటుంది కనుక, మాగ్నెట్‌ను లాగి ఊడదీసే పుల్లర్ లేని షెడ్డులో ఈ పని చేయించకండి. కొత్త క్లచ్ వేయించే ముందు బ్యాటరీని తప్పక పరీక్షింపజేయండి. నీరసంగా ఉన్న బ్యాటరీతో సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంత పెద్ద పిస్టన్ కంప్రెషన్‌ను దాటలేక వెనక్కి తంతుంది. ఆ దెబ్బ నేరుగా తగిలేది ఈ క్లచ్‌కే. క్లచ్ వచ్చేదాకా, కిక్ ఉంటే కిక్‌తోనే స్టార్ట్ చేసుకోండి. జారుతున్న క్లచ్‌తో పదేపదే సెల్ఫ్ నొక్కితే దాని పక్కనున్న గేరు కూడా గీతలు పడి ఖర్చు పెరుగుతుంది.