లండనా, న్యూయార్కా: ఊరి లెక్క వేరు, బాడుగ లెక్క వేరు

కడప తమ్ముడొకరి ప్రశ్న: “అన్నా, లండన్ పెద్దదా, న్యూయార్క్ పెద్దదా? రెండు చోట్లా సీటొచ్చింది. పెద్ద ఊరైతే రూములు చవగ్గా దొరుకుతాయని ఇక్కడ అంటున్నారు. నిజమేనా?”

చూడు అబ్బీ, జనం లెక్కన రెండూ సమవుజ్జీలే. 2020 జనగణనలో న్యూయార్క్ 88 లక్షల 4 వేలు, 2021లో లండన్ కూడా దాదాపు 88 లక్షలే. తేడా అంతా జాగాలో ఉంది. గ్రేటర్ లండన్ 1,572 చదరపు కిలోమీటర్లు, న్యూయార్క్ నేల అందులో సగం, 784. ఉమ్మడి అనంతపురం జిల్లా 19,130 చదరపు కిలోమీటర్లు కదా, అందులో లండన్లు పన్నెండు పడతాయి, న్యూయార్కులు ఇరవై నాలుగు. 2011లో ఆ జిల్లా జనం 41 లక్షలు కూడా లేరు, ఉమ్మడి కర్నూలును కలిపినా 81 లక్షలే. చదరపు కిలోమీటరుకు చూస్తే లండన్‌లో 5,600 మంది, న్యూయార్క్‌లో 11,200 మంది.

నెట్‌లో వెతికితే నీకు వేరే అంకెలు కనబడి తల తిరుగుతుంది. ‘సిటీ ఆఫ్ లండన్’ అని కొడితే 2.9 చదరపు కిలోమీటర్లు వస్తుంది. అది నడిమధ్యనుండే పాత కోట ఊరు, బ్యాంకుల పేట, నివాసముండేవాళ్లు పది వేలు కూడా లేరు. దాని చుట్టూ ఉన్న 32 బరోలు, అంటే నగర విభాగాలు, కలిస్తేనే మనమనుకునే లండన్. న్యూయార్క్‌కు ఒకచోట 302 చదరపు మైళ్లు, ఇంకోచోట 468 అని ఉంటుంది. రెండోది నదులు, సముద్రపు పాయలు కలిపిన లెక్క. నీళ్ల మీద ఎవడూ రూము బాడుగకియ్యడు. చదరపు మైళ్లను 2.59తో గుణిస్తేనే చదరపు కిలోమీటర్లవుతాయి. న్యూయార్క్ జనం 2 కోట్లని ఎవరన్నా చెప్తే అది పక్క రాష్ట్రం న్యూజెర్సీ ఊళ్లు కూడా కలిపిన లెక్క, దాన్ని లండన్ 88 లక్షల పక్కన పెట్టకు.

సగటును కూడా నమ్మకు. న్యూయార్క్‌లోనే మన్‌హాటన్ భాగంలో 59 చదరపు కిలోమీటర్లకు 17 లక్షల మంది, స్టాటెన్ ఐలండ్‌లో దాని రెండున్నర రెట్ల జాగాకు 5 లక్షలు. లండన్‌లో టవర్ హామ్లెట్స్ 20 చదరపు కిలోమీటర్లలో 3 లక్షల 10 వేలు, బ్రామ్లీ 150లో 3 లక్షల 30 వేలు.

ఇక అసలు సంగతి డబ్బు. ఊరు పెద్దదైతే రూము చవక అన్నది సగం నిజం. లండన్ పరుచుకున్న ఊరు కాబట్టి నడిమధ్య నుంచి జోన్లు జోన్లుగా కోసి పెట్టారు. బయటికి పోయే కొద్దీ బాడుగ తగ్గుతుంది, రైలు చార్జీ పెరుగుతుంది. ఈస్ట్ హామ్, హౌన్‌స్లో వైపు మనవాళ్లు ఉండేది ఈ లెక్క చూసుకునే. న్యూయార్క్ సబ్‌వేకు, అంటే అక్కడి భూగర్భ రైలుకు, జోన్లు లేవు, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే టికెట్టు. అక్కడ దూరానికి చెల్లించేది డబ్బుతో కాదు, గంటలతో.

అందుకని కాగితం తీసుకొని మూడు వరసలు గీయి: నెల బాడుగ, నెల చార్జీ, గడప నుంచి గడపకు పట్టే గంటలు. మూడూ నింపకుండా ఎవరికీ అడ్వాన్సు పంపకు. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి వరస ఒక్కటే చూసి దెబ్బతింటారు. మేమంతా అట్లా తిన్నవాళ్లమే, తేరుకున్నాం.

లండన్‌లో బాడుగ వారానికి చెప్తారు. 200 పౌండ్లంటే నెలకు 800 అనుకుంటారు మనవాళ్లు. కాదు. 52తో గుణించి 12తో భాగించు, 866 పైచిలుకు. ఏడాదికి 800 పౌండ్ల తేడా! ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కౌన్సిల్ ట్యాక్స్, అంటే అక్కడి ఇంటి పన్ను, ఉండదు. ఒక్క ఉద్యోగస్తుడు చేరినా 25 శాతం తగ్గించి బిల్లు పంపిస్తారు, అది ఎవరు కట్టాలో ముందే తేల్చుకో. ట్యూబ్‌లో, అంటే లండన్ భూగర్భ రైల్లో, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే బ్యాంకు కార్డు గేటుకు తాకించు. పొద్దున కార్డు, సాయంత్రం అదే కార్డున్న ఫోను వాడితే మిషను ఇద్దరు మనుషులనుకుంటుంది, రోజుకు ఇంతకు మించి కోయకూడదనే పరిమితి రెండుగా చీలి ఎక్కువ పోతుంది. దిగేటప్పుడు తాకించడం మరిస్తే గరిష్ఠ చార్జీ కోస్తారు. బస్సులకు జోన్లు లేవు, గంటలోపు ఎన్ని మారినా ఒకటే చార్జీ. ఓపికుంటే బస్సే మేలు.

న్యూయార్క్‌లో శానా ఇళ్లవాళ్లు నెల బాడుగకు 40 రెట్ల ఏడాది జీతం చూపించమంటారు. కొత్తవాడికి యాడుంటుంది? అందుకే ముందే ఇల్లు తీసుకున్నవాళ్ల దగ్గర చేరతారు. లీజులో నీ పేరుందా, నువ్విచ్చిన అడ్వాన్సుకు కాగితముందా అని చూసుకో. అడ్వాన్సు అక్కడ ఒక నెల బాడుగ దాటకూడదు, ఇంగ్లండులో సాధారణంగా అయిదు వారాలది. మిగతా నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉన్నాయి, చదువుకో.

మనవాళ్లు ఎక్కువుండే ఎడిసన్ అనే ఊరు న్యూయార్క్ కాదు, న్యూజెర్సీ. మన్‌హాటన్‌కు కడప నుంచి ప్రొద్దుటూరంత దూరం. న్యూజెర్సీ రైలుకు ఒక టికెట్టు, దిగి సబ్‌వే ఎక్కితే ఇంకోటి. న్యూజెర్సీలోనే ఉన్న జెర్సీ సిటీ నుంచి మన్‌హాటన్‌కు పోయే పాత్ (PATH) రైలెక్కినా అంతే. ఉద్యోగమొచ్చాక మాత్రం లాభమొకటుంది, న్యూయార్క్ నగరంలో నివాసముండేవాళ్లు కట్టే సిటీ ఆదాయపు పన్ను న్యూజెర్సీలో ఉండేవాళ్లకు పడదు.

చివరగా, ఆ అడ్మిషన్ లెటరు మళ్లీ తీసి చూడు. న్యూయార్క్ అనేది రాష్ట్రం పేరు కూడా. దాని ముందు బఫలో అని ఉంటే ఇంతసేపు చెప్పిన లెక్క నీకు అక్కర్లేదు. బఫలో నుంచి న్యూయార్క్ నగరానికి రోడ్డు మీద దాదాపు 600 కిలోమీటర్లు, కడప నుంచి హైదరాబాద్ పోయి, తిరుగుదారిలో సగం వచ్చినంత.