టెక్ సందేహాలు: ఆస్తమా యాప్‌కి పేషెంట్లని ఎప్పుడు పిలవాలి?

ప్రశ్న: ముగ్గురం కలిసి ఆస్తమా ఉన్నవాళ్ల కోసం యాప్ తయారు చేస్తున్నాం. ఊపిరితిత్తుల డాక్టర్ ఒకరు సలహాలిస్తున్నారు. డిజైన్ దాదాపు అయిపోయింది. చివర్లో కొందరు పేషెంట్లకి ఇచ్చి టెస్ట్ చేయిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. చివర్లో పిలిస్తే వాళ్లు బటన్ రంగు గురించో అక్షరాల సైజు గురించో చెప్పగలరు, అంతే. అప్పటికి మార్చడానికి మిగిలేది అదే కదా. డాక్టర్‌కి జబ్బు గురించి తెలుసు, కానీ అర్ధరాత్రి పిల్లికూతలతో లేచి కూర్చున్నప్పుడు చేతిలో ఫోన్ ఎలా ఉంటుందో పేషెంటే చెప్పాలి.

ఆ సమయాన్నే తీసుకోండి. మనిషి రిలీవర్ ఇన్‌హేలర్ (ఊపిరి ఆడనప్పుడు వెంటనే ఉపశమనం కోసం పీల్చేది) పీల్చుకుని ఫోన్ తీస్తాడు. అందులో సాధారణంగా ఉండే సాల్బుటమాల్ అనే మందు వల్ల కొందరికి చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. ఆ వేళ్లతో, ఇబ్బంది ఎంత ఉందో చెప్పే మీ సన్నటి స్లైడర్‌ని సరిగ్గా 6 దగ్గర ఆపాలి, చీకట్లో తెల్లటి స్క్రీన్ కళ్లలో పొడుస్తుంటుంది, పైగా లాగిన్ గడువు అయిపోయిందని యాప్ ఓటీపీ అడుగుతుంది. వాయిస్ ఇన్‌పుట్ పెట్టాం కదా అంటారేమో, ఒక్క వాక్యం పూర్తి చేయడానికే ఊపిరి అందనివాళ్లకి అదెందుకు? వాళ్లకి కావలసింది లాగిన్ అడక్కుండా తెరుచుకునే ఒక్క స్క్రీన్: ఇప్పుడేం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి.

పీక్ ఫ్లో, అంటే గట్టిగా ఊదితే గాలి ఎంత వేగంగా బయటికొస్తుందో చెప్పే రీడింగ్, దాని సంగతీ అంతే. సాధారణంగా ఆ మనిషి అత్యుత్తమ రీడింగ్‌లో 80 శాతం, ఆపైన ఉంటే ఆకుపచ్చ, 50 నుంచి 80 మధ్య పసుపు, 50 లోపు ఎరుపు. ఆ రీడింగ్ కోసం మీటర్‌లో మూడుసార్లు ఊది, అన్నిటికన్నా పెద్ద అంకెని రాసుకుంటారు. యాప్‌లో ఒక్క గడే ఉంటే మిగతావి గుర్తుపెట్టుకోవడం, పోల్చుకోవడం పేషెంట్ నెత్తినే పడుతుంది. రోజూ ఊదేవాళ్లు ఒక్కరు మీ పక్కన కూర్చున్నా మొదటిరోజే ఈ మాట చెప్పేవారు.

ఇంకోటి, ఒంట్లో బాగున్న రోజుల్లో ఎవరూ యాప్ తెరవరు. 2015లో యాపిల్ రీసెర్చ్‌కిట్‌తో (ఐఫోన్ ద్వారా వైద్య పరిశోధన చేయడానికి యాప్‌లు తయారుచేసే సాధనం) పాటు వచ్చిన తొలి యాప్‌లలో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య సంస్థ వాళ్ల ఆస్తమా యాప్ కూడా ఉంది. వేలమంది చేరారు, నెలల తరబడి వాడినవాళ్లు మాత్రం కొద్దిమందే. అందుకే రోజూ ఏం రాయమంటారు, వారానికి ఏది చాలు, అసలు ఏది అడగకూడదు అన్నది పేషెంట్లతోనే తేల్చుకోండి. రాయని రోజుకి ఎర్ర గుర్తు పెట్టి తప్పు చేసినట్టు చూపిస్తే వాళ్లు యాప్‌నే తీసేస్తారు, నేనైనా అదే చేస్తాను.

పిలిచేటప్పుడు యాప్‌లంటే ఇష్టపడేవాళ్లనే పిలవకండి. ఇలాంటివి ఒకసారి వాడి డిలీట్ చేసినవాళ్లు, చిన్నపిల్లల తల్లిదండ్రులు, తన రికార్డు ఇంట్లోవాళ్లు చూడటం ఇష్టంలేని టీనేజర్, చూపు తగ్గిన పెద్దవాళ్లు, వీళ్లందరూ ఉండాలి. వాళ్ల సమయానికి డబ్బివ్వండి. వాళ్లు చెప్పిన దాంట్లో ఏది మార్చారో, ఏది ఎందుకు మార్చలేదో తిరిగి చెప్పండి, లేకపోతే రెండోసారి రారు. ఇప్పటికే గీసిన స్క్రీన్లు పక్కన పెట్టాల్సి వస్తుందని టెన్షన్ పడకండి, కోడ్ రాశాక మార్చడం ఇంకా కష్టం.

ప్రశ్న: ప్రివెంటర్ ఇన్‌హేలర్ (ఆస్తమా ముదరకుండా రోజూ పీల్చేది) కోసం యాప్‌లో రిమైండర్ పెట్టుకున్నా కొన్నిరోజులు మోగడమే లేదు. ఆండ్రాయిడ్ ఫోన్.

జవాబు: చాలావరకు ఇది బ్యాటరీ సేవర్ పని. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, ఆ యాప్‌ని ఎంచుకుని, బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. ఆండ్రాయిడ్ 12 లేదా ఆ తర్వాతిదైతే అలారమ్స్ అండ్ రిమైండర్స్ అనుమతి ఉందో లేదో కూడా చూడండి. ఫోన్ కంపెనీని బట్టి ఈ పేర్లు కాస్త మారతాయి. అది కుదిరేదాకా ఫోన్‌లో మామూలు అలారమే పెట్టుకోండి, ప్రివెంటర్ మాత్రం ఆపకండి. మీ ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఏ రోజు మోగలేదో రాసి యాప్ చేసినవాళ్లకి పంపండి, ఆ వివరాలుంటే వాళ్లకి లోపం పట్టుకోవడం తేలిక.